ఊళ్లో బండి వదిలి వెళ్తున్నారా? ట్యాంకు నింపాలా, ఖాళీ చేయాలా

భోగి మంట ఇంకా ఆరలేదు. మా వీధిలో నాలుగిళ్ల ముందు ఒకటే చప్పుడు. కిక్ కొట్టడం, ఆగడం, చోక్ లాగడం, మళ్లీ కొట్టడం. హైదరాబాద్ నుంచి, చెన్నై నుంచి పండక్కి వచ్చినవాళ్లంతా ఆగస్టులోనో దసరాకో వదిలేసి వెళ్లిన బళ్లను లేపే పనిలో ఉన్నారు. ఆ నలుగురిలో నేనొకణ్ణి. మా నాన్న కొన్న పాత కార్బరేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజనుకి పంపే భాగం) బండి, ట్యాంకులో సగం పెట్రోల్. ఇరవై నిమిషాలు కొట్టేసరికి నా కాలు పట్టేసింది గానీ బండి కనీసం దగ్గనైనా దగ్గలేదు.

మెకానిక్ దగ్గరికి తోసుకెళ్తే ఆయన పెట్రోల్ పైపు పీకి గాజు సీసాలోకి పట్టాడు. అడుగున వేలెడు మందాన డికాషన్ రంగు నీళ్లు, వాటి మీద పెట్రోల్. సీసాను వెలుతురుకి ఎత్తి నాకు చూపించి, "ఏటి బాబూ, సగం ట్యాంకెట్టేసి ఎల్లిపోనావా?" అన్నాడు. తర్వాత ట్యాంకు విప్పి, గుప్పెడు నట్లు, పాత చైను ముక్క లోపల వేసి, పిల్లాడి చేత అరగంట ఊపించాడు. కుమ్మరించినప్పుడు పసుపు కలిపిన మట్టినీళ్లలా వచ్చింది తుప్పు. ఆ ఏడు నా పండగ ఖర్చులో పెద్ద పద్దు కొత్త బట్టలది కాదు, కార్బరేటర్‌ది.

అప్పటినుంచి ఈ విషయం మీద కాస్త పిచ్చి పట్టింది. ఇంటర్నెట్‌లో వెతికితే దొరికే సలహాలు ఎక్కువగా మంచు కురిసే దేశాలవాళ్లవి. వాళ్ల బండి చలికాలం అంతా గ్యారేజీలో ముడుచుకుని ఉంటుంది. మనది అలా కాదు. శ్రీకాకుళం తీరంలో మత్స్యకారులు చాలామంది ఆగస్టులో గుజరాత్‌లోని వేరావల్ వైపు వేటకి వెళ్లి మళ్లీ ఎండాకాలానికి గానీ రారు. వాళ్ల బళ్లు నైరుతి వానలు చూస్తాయి, అక్టోబరు తుపాన్లు చూస్తాయి, ఆ తర్వాత పొద్దున ఎనిమిదైనా వీడని మంచు చూస్తాయి. పైగా సముద్రం ఉప్పుగాలి. కాబట్టి అక్కడి సలహా ఇక్కడ పనికొస్తుందో లేదో ముందు ఆలోచించుకోవాలి.

అసలు పాడయ్యేది ఎలా

ఇది అర్థమైతే ఏ పద్ధతి ఎవరికో సగం తేలిపోతుంది.

ట్యాంకు మూతలో గాలి ఆడే సన్నటి దారి ఉంటుంది. అది లేకపోతే పెట్రోల్ కిందికి దిగదు. మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద ట్యాంకు వేడెక్కితే లోపలి గాలి ఉబ్బి బయటికి పోతుంది. రాత్రి చల్లబడితే బయటి తేమగాలిని లోపలికి పీల్చుకుంటుంది. అంటే బండి నడవకపోయినా ట్యాంకు రోజుకోసారి ఊపిరి తీస్తూనే ఉంటుంది. తెల్లవారుజామున ఇనుప రేకు చల్లబడ్డప్పుడు ఆ తేమ, వేడి అన్నం గిన్నె మీద మూత పెట్టినట్టు, రేకు లోపలి వైపు చుక్కలు కడుతుంది. పెట్రోల్ తాకే చోట రేకు బాగానే ఉంటుంది. పైన గాలి తగిలే చోటే తుప్పు. లోపల ఖాళీ ఎంత పెద్దదైతే పీల్చే గాలి అంత ఎక్కువ.

రెండోది ఇథనాల్, అంటే పెట్రోల్‌లో కలిపే ఆల్కహాల్. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌ను 2023 ఫిబ్రవరి 6న దేశంలో ప్రారంభించారు. ఇప్పుడు మామూలు బంకులో పోయించుకునేది అదే. ఇథనాల్‌కి నీళ్లంటే మహా ప్రేమ. గాలిలో తేమను లాక్కుంటుంది. కొంతవరకు ఆ నీటిని తనలో కలుపుకుని ఏమీ ఎరగనట్టే ఉంటుంది. హద్దు దాటగానే నీళ్లూ ఇథనాలూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుక్కి చేరతాయి. మజ్జిగ తేరితే నీళ్లు పైకి వస్తాయి, ఇక్కడ కిందికి దిగుతాయి, అదీ తేడా. ట్యాంకు అడుగునే కదా పెట్రోల్ కాక్ (పెట్రోల్ వదిలే, ఆపే చిన్న కుళాయి) ఉండేది! ఇంజనుకి మొదటి ముద్ద ఆ నీళ్లే.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. 20 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోల్, 10 శాతం ఉన్నదాని కంటే ఎక్కువ నీటిని కలుపుకోగలదు. కాబట్టి ఒక్క గాలి తేమతోనే రెండు నెలల్లో విడిపోతుందని భయపడక్కర్లేదు. విడిపోయేదాకా తెచ్చేది ఎక్కువగా మూత దగ్గర దిగిన వాననీళ్లు. నా బండికి జరిగింది అదే. ఆ సంగతి కింద చెబుతాను.

మూడోది పెట్రోల్ ముసలిదవడం. తేలికపాటి భాగం ముందు ఆవిరైపోతుంది, మిగిలినదానితో స్టార్ట్ చేయడం కష్టం. కార్బరేటర్ అడుగున ఉండే చిన్న గిన్నెలో, అంటే బౌల్‌లో, ఉండే కొంచెం పెట్రోల్ అయితే ఎండి జిగురు కట్టి జెట్‌లను, అంటే పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రాలను, మూసేస్తుంది. ట్యాంకులో తొమ్మిది లీటర్లు చక్కగా ఉన్నా, బౌల్‌లోని ఆ నాలుగు చెంచాలు చాలు బండిని కూర్చోబెట్టడానికి.

ముందు ఈ నాలుగు ప్రశ్నలు

ఎన్నాళ్లు వదులుతున్నారు? నెలా రెండు నెలలా, ఆరు నెలలు దాటుతుందా? అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఇదే.

కార్బరేటరా, ఇంజెక్షనా (పంపుతో పెట్రోల్‌ని చిమ్మే పద్ధతి)? 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 (పొగ కాలుష్యం నిబంధన) బళ్లు దాదాపు అన్నీ ఇంజెక్షన్‌వే. వాటికి పెట్రోల్ పంపు ట్యాంకు లోపలే ఉంటుంది. దాన్ని చల్లగా ఉంచేది, అరగకుండా చూసేది పెట్రోలే. అందుకే పాత బళ్ల చిట్కాలన్నీ వీటికి నప్పవు.

బండి ఎక్కడ నిలబడుతుంది? గదిలోనా, వసారాలోనా, పెణక కిందా, ఆరుబయటా? కళింగపట్నం, భావనపాడు, బారువ లాంటి ఒడ్డు ఊళ్లకీ, లోపల ఉన్న బొబ్బిలికీ, పార్వతీపురానికీ గాలిలోనే తేడా.

నాలుగోది, ఊళ్లో నమ్మకమైన మనిషి ఉన్నాడా?

ఖర్చు గురించి విడిగా అడగలేదు, ఎందుకంటే ఏ పద్ధతీ మెకానిక్ బిల్లంత కాదు.

| పద్ధతి | ఎన్నాళ్లకి | కార్బరేటర్ బండికి | ఇంజెక్షన్ బండికి | తిరిగొచ్చాక పని |
|---|---|---|---|---|
| ట్యాంకు నింపడం | ఒకటి నుంచి నాలుగు నెలలు | మంచిది, బౌల్ ఖాళీ చేస్తే | అన్నిటికంటే మంచిది | దాదాపు ఏమీ లేదు |
| ఖాళీ చేసి లోపల ఆయిల్ పూత | ఆరు నెలలు, ఆపైన | చాలా మంచిది | వద్దు | కడగాలి, కొత్త పెట్రోల్ పోయాలి |
| ట్యాంకు విప్పి ఇంట్లో పెట్టడం | ఏడాది వరకు | పాత, విలువైన బండికి | ఇంట్లో చేసే పని కాదు | బిగించాలి, లీకు చూడాలి |
| ఎవరైనా వారం వారం నడపడం | ఎన్నాళ్లయినా | మంచిది | చాలా మంచిది | ఏమీ లేదు, మాట పట్టింపులు తప్ప |
| సగం ట్యాంకుతో వదిలేయడం | నెల దాటితే | వద్దు | వద్దు | నా భోగి కథ |

నింపి వదలడం

హైదరాబాద్, విశాఖ, బెంగళూరు ఉద్యోగాలవాళ్లలో చాలామందికి ఇదే సరిపోతుంది. దసరాకి వచ్చి సంక్రాంతికి మళ్లీ వస్తారు. మధ్యలో మూడు నెలలు. ట్యాంకు నిండుగా ఉంటే గాలికి చోటే ఉండదు, తుప్పుకి రేకు దొరకదు. స్ప్లెండర్ లాంటి బండికి పది లీటర్ల లోపే పడుతుంది, వెయ్యి దాటుతుంది అంతే. పైగా ఆ డబ్బు ఎక్కడికీ పోదు, వచ్చాక తిరిగేది ఆ పెట్రోల్‌తోనే.

అయితే గొంతు దాకా నింపకండి. పెట్రోల్ వేడికి ఉబ్బుతుంది. పది లీటర్లు పది డిగ్రీలు వేడెక్కితే దాదాపు వంద మిల్లీ పెరుగుతుంది. ఉదయం చల్లగా ఉన్నప్పుడు అంచు దాకా నింపి రేకుల షెడ్డులో పెడితే మధ్యాహ్నానికి మూత దగ్గర కారి, ఇల్లంతా వాసన. లోపల మెడ కనబడుతుంది కదా, దాని అడుగు అంచు వరకు చాలు.

బంకులో నింపించి నేరుగా ఇంటికొచ్చి స్టాండ్ వేయకండి. ఐదారు కిలోమీటర్లు తిరిగితే కార్బరేటర్‌లోకీ పైపుల్లోకీ కొత్త పెట్రోల్ వస్తుంది. ఇంజన్ వేడెక్కి సైలెన్సర్‌లో తడి ఆరుతుంది. ఇంటికొచ్చాక, కార్బరేటర్ బండి అయితే, ఇంజన్ ఆడుతుండగానే కాక్ ఆఫ్ చేయండి. రెండు మూడు నిమిషాల్లో దానంతట అదే ఆగిపోతుంది. బౌల్ అడుగున ఉన్న చిన్న స్క్రూ వదులు చేసి మిగిలిన చుక్కలు కూడా గుడ్డలోకి దింపేస్తే ఇంకా మంచిది. ఈ ఒక్క పని చేసినవాడు భోగి నాడు కాలు నొప్పి పడడు. ఇంజెక్షన్ బండికి మాత్రం పెట్రోల్ అయిపోయేదాకా ఆడించే పని ఎప్పుడూ పెట్టుకోకండి, పంపుకి ప్రమాదం.

పెట్రోల్ నిలవ ఉండటానికి కలిపే స్టెబిలైజర్ మన స్పేర్ పార్టుల షాపుల్లో అంతగా దొరకదు, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. నాలుగు నెలల లోపైతే దాని కోసం టెన్షన్ పడక్కర్లేదని నా అభిప్రాయం. ఆరు నెలలకి నింపి వదలాలనుకుంటే కలపండి. అది పెట్రోల్ జిగురుగా మారడాన్ని ఆలస్యం చేస్తుంది, నీళ్లను మాయం చేయదు. నీళ్లు దిగిన ట్యాంకులో పోసి ఏదో అద్భుతం కోసం ఎదురుచూడొద్దు.

ఈ పద్ధతికి ఉన్న అసలు లోటు వేరే. నిండు ట్యాంకు బండి వీధి వసారాలో ఉందని తెలిస్తే రాత్రికి రాత్రి పైపు పీకి పట్టుకుపోయేవాళ్లు ఉంటారు. తాళం వేసే గదిలో పెట్టగలిగితేనే ధైర్యంగా నింపండి.

ఖాళీ చేసి ఆయిల్ పూయడం

వేరావల్ వెళ్లేవాళ్లకీ, ఓడ ఉద్యోగాలవాళ్లకీ, గల్ఫ్ వెళ్లి ఏడాదికి గానీ రానివాళ్లకీ ఇది. బండి మాత్రం కార్బరేటర్‌ది కావాలి. ఇంజెక్షన్ ట్యాంకులో ఆయిల్ పోస్తే పంపు, వడపోత జాలీ తడిసి కొత్త తలనొప్పి.

పెట్రోల్ దింపేటప్పుడు ప్లాస్టిక్ సీసాలు, బిందెలు వెతక్కండి. పక్కింటి తమ్ముడి బండిని పక్కన నిలబెట్టి, పైపుతో నేరుగా ఆ ట్యాంకులోకి పంపించేయండి. వాడూ సంతోషిస్తాడు, ఇంట్లో పెట్రోల్ నిలవ ఉంచుకునే గొడవా ఉండదు. ఆరుబయట చేయండి. బీడీ, అగరొత్తి, తులసికోట దగ్గర దీపం, ఏదీ దరిదాపుల్లో ఉండకూడదు.

చివరి చుక్క పోయాక మూత తీసి ఎండలో ఉంచితే ట్యాంకు ఆరుతుంది. తర్వాత పాత టూ-స్ట్రోక్ స్కూటర్లలో పెట్రోల్‌తో కలిపే టూ-టీ ఆయిల్ వంద, నూటయాభై మిల్లీ లోపల పోసి, మూత బిగించి, ట్యాంకును అటూ ఇటూ తలకిందులుగా తిప్పాలి. బండి మీద ఉండగా ఇది కుదరదు, ఊపినా ఆయిల్ పైరేకుకి అంటదు. తుప్పు మొదలయ్యేది పైరేకుకే. కాబట్టి ట్యాంకు విప్పాల్సిందే. సీటు కింద ఒకటో రెండో బోల్టులు, పెట్రోల్ పైపు, మీటర్ వైరు ఉంటే అది. చేయి తిరిగినవాడికి పావుగంట పని. పూత అయ్యాక మిగులు ఆయిల్ వంచేసి మళ్లీ బండికి బిగించేయవచ్చు. టూ-టీ ఎందుకంటే అది పెట్రోల్‌లో తేలిగ్గా కరుగుతుంది, తిరిగొచ్చాక అర లీటరు పెట్రోల్‌తో కడిగితే పోతుంది. మొదటి పది నిమిషాలు సైలెన్సర్ నుంచి కాస్త తెల్లపొగ వస్తుంది, కంగారు పడకండి.

ఖాళీ చేసి, ఆయిల్ పూయకుండా వదిలేసేవాళ్లే ఎక్కువ. అది సగం ట్యాంకు కంటే ఘోరం. నాలుగు గోడలూ గాలికి వదిలేసినట్టే.

విప్పి ఇంట్లో పెట్టడం

తాతల నాటి బుల్లెట్, రాజ్‌దూత్, యెజ్డీ ఉన్నవాళ్ల పద్ధతి ఇది. ఆ ట్యాంకు మళ్లీ దొరకదు, రంగూ గీతలూ పోతే పోయినట్టే. తుపాను భయం ఉన్నచోట ఇంకో లాభం కూడా ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి చెట్లూ షెడ్ల రేకులూ ఏమయ్యాయో చూసినవాళ్లకి, విలువైన వస్తువు గది లోపల ఎందుకుండాలో చెప్పక్కర్లేదు.

పైన చెప్పినట్టే ఆయిల్ పూసి, కాక్ రంధ్రానికి గుడ్డ బిరడా పెట్టి, పాత దుప్పటిలో చుట్టి మంచం కింద పెట్టొచ్చు. ఆయిల్ వద్దనుకుంటే, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలు నాలుగైదు దారానికి కట్టి లోపల వేలాడదీయండి. దారం కొస మూత బయటికి కనబడాలి, లేకపోతే మర్చిపోయి పెట్రోల్ పోసేస్తారు. నేను మాత్రం ఆయిలే నమ్ముతాను.

ఒక్క జాగ్రత్త. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదం. నిండుగా ఉన్నదాంట్లో మండటానికి గాలి ఉండదు, ఖాళీదాంట్లో ఆవిరీ గాలీ కలిసి ఉంటాయి. ఎండలో బాగా ఆరబెట్టకుండా లోపలికి తేకూడదు. చింతపండు పొడిగా ఉంటుందని వంటింటి అటక మీద పెట్టే అలవాటు కొద్దీ ట్యాంకును కూడా పొయ్యి మీది అటకెక్కించిన పెద్దమనిషిని నేనెరుగుదును. ఆ ఇంట్లో ఏమీ కాలేదు, అదృష్టం. అలాగే చిల్లు పడిందని ఖాళీ ట్యాంకును నేరుగా వెల్డింగ్ షాపుకి పట్టుకెళ్లకండి.

మనిషికి అప్పగించడం

యంత్రం పరంగా చూస్తే దీన్ని మించింది లేదు. వారానికోసారి పావుగంట రోడ్డు మీద నడిస్తే పెట్రోల్ కదులుతుంది, బ్యాటరీ నిలుస్తుంది, ట్యాంకులో పాతది పోయి కొత్తది వస్తుంది. ఇంటి ముందు స్టాండ్ మీద రెండు నిమిషాలు ఆడించి ఆపేయడం మాత్రం పనికిరాదు. ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, సైలెన్సర్‌లో నీళ్లు మిగులుతాయి.

చిక్కంతా మనిషితోనే. బావమరిదికి ఇస్తే వారానికి పావుగంట కాదు, రోజూ పలాస జీడిపప్పు బస్తాలు మోస్తాడు. వద్దని చెప్పలేం. ఊళ్లో ఇంటర్ చదివే పిల్లాడికి తాళం ఇవ్వడం ఇంకా తప్పు. పద్దెనిమిది నిండనివాడు నడిపి పట్టుబడితే, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం బండి యజమానికి ఇరవై అయిదు వేల జరిమానా, మూడేళ్ల వరకు జైలు. లైసెన్సు ఉన్నవాడు, ఇన్సూరెన్సు గడువు మీరు వచ్చేదాకా ఉన్నది, ఈ రెండూ చూసుకుని ఇవ్వండి. పెట్రోల్ డబ్బు ముందే చేతిలో పెడితే మాట పట్టింపు ఉండదు.

ఇంజెక్షన్ బండిని ఆరు నెలలకి మించి వదిలేవాళ్లకి నేను చెప్పేది ఇదే. నమ్మకమైన మనిషి దొరకలేదా? నింపి, స్టెబిలైజర్ కలిపి, తాళం వేసిన గదిలో పెట్టండి. వచ్చాక మెకానిక్‌తో పాత పెట్రోల్ తీయించండి.

ఏ పద్ధతైనా మూత చూసుకోకపోతే దండగ

నా ట్యాంకులోకి నీళ్లు ఎలా వచ్చాయో చెబుతానన్నాను. ట్యాంకు మీద మూత చుట్టూ చిన్న గుంట ఉంటుంది. అందులో పడ్డ వాననీరు పోవడానికి ఒక సన్న రంధ్రం, దాని నుంచి బండి కిందికి ఒక రబ్బరు గొట్టం ఉంటాయి. ఆ గొట్టం కొసలో కందిరీగ మట్టి గూడు కట్టింది. చిటికెన వేలి గోరంత గూడు! గుంటలో నీళ్లు నిలిచి, ముసలిదైన మూత రబ్బరు పక్కనుంచి చుక్క చుక్కగా లోపలికి దిగాయి. పెణక చూరు కిందే పెట్టాను, కానీ ఈదురుగాలి వానకి చూరు ఎంత ఆపుతుంది?

వెళ్లే ముందు ఆ గుంటలో గ్లాసుడు నీళ్లు పోసి చూడండి. వెంటనే కింద కారాలి. కారకపోతే సన్న తీగతో పొడవండి. మూత రబ్బరు పగిలితే మార్చండి. బండి మీద ప్లాస్టిక్ పట్టా బిగించి కట్టకండి, లోపల చెమట పడుతుంది. పాత నూలు దుప్పటి కప్పి, వాన జల్లు తగిలే చోటైతే దాని మీద పట్టాను వదులుగా వేయండి, కింద గాలి ఆడాలి.

తిరిగొచ్చాక తాళం తిప్పే ముందు మూత తీసి వాసన చూడండి. మంచి పెట్రోల్ ముక్కుకి గుచ్చుకుంటుంది. ముసలిదైతే పాత వార్నిష్ డబ్బా వాసన. కార్బరేటర్ బండి అయితే కాక్ దగ్గర పైపు తీసి గాజు సీసాలోకి వంద మిల్లీ పట్టి, కదపకుండా అయిదు నిమిషాలు గోడ మీద పెట్టండి. ఒకే రంగులో ఉంటే పైపు బిగించి కిక్ కొట్టండి. మధ్యలో గీత కనబడితే కిక్ జోలికి పోకుండా ట్యాంకు మొత్తం దింపేయండి.